పోకర్‌లో ముఖం వదిలేయండి, చేతులు చూడండి

మొన్న మా ఆదివారం ఆటకి కొత్తగా ఒక తమ్ముడు వచ్చాడు. రెండు గంటల్లో చిప్స్ (పందెం బిళ్లలు) మొత్తం ఊడ్చిపెట్టుకుపోయాక, "అన్నా, నా మొఖం చూసి ఎట్లా కనిపెడుతున్నవే?" అని అడిగాడు. నిజానికి నేను వాడి మొఖం వంక చూసిందే తక్కువ. అద్దం ముందు ప్రాక్టీస్ చేసి వచ్చాడేమో, అంత బిగించుకొని కూర్చున్నాడు, అందులో చూడ్డానికి ఏమీ లేదు. కానీ మంచి ముక్కలు పడ్డప్పుడల్లా వాడి ఎడమ చెయ్యి వెళ్లి ఆ రెండు ముక్కల మీద కప్పుకునేది, కోడి తన పిల్లల మీద రెక్క కప్పినట్టు. చెత్త ముక్కలైతే వాటిని అట్లనే వదిలేసి ఫోన్ చూసుకునేవాడు. ఇంతే సంగతి. అప్పుడు వాడికి చెప్పలేదు, చెప్తే నా ఆట పోతుంది కదా. ఇప్పుడు రాస్తున్నా, చదివితే చదువుకుంటాడు.

మేం ఏడెనిమిది మందిమి, అందరం హన్మకొండ, కాజీపేట వాళ్లమే, అందరం రమ్మీ మీద పెరిగినవాళ్లమే. మా దగ్గర పేకాట అనేవాళ్లు తక్కువ, పత్తాలాట అంటారు. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కినాక డాబా మీద చాప పరిస్తే ఇక తెల్లారేదాకా లేచేది ఉండదు. పోకర్ పిచ్చి మాత్రం ఈ మధ్య పట్టిందే. డబ్బులు పెట్టం, ప్లాస్టిక్ చిప్స్‌తో ఆడతాం, ఆఖర్న మిగిలినవాడు అందరికీ చాయ్ పెట్టాలి. తెలంగాణలో పైసలు పెట్టి ఆడితే కేసే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, అది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులోనే చెప్పింది, కానీ 2017లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి నైపుణ్యం ఆటలకున్న మినహాయింపు తీసేసింది, 2025లో కేంద్రం ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే ఆటలకి చట్టం చేసి తాళం వేసింది. డబ్బు లేకపోతే టెన్షన్ ఎక్కడిది, టెన్షన్ లేకపోతే మనిషిని చదవడానికి ఏముంది అని అడిగేవాళ్లున్నారు. ఏడుగురి ముందు బ్లఫ్, అంటే ముక్కలు లేకున్నా ఉన్నట్టు పందెం వేసి బెదిరించడం, పట్టుబడితే వారం రోజులు వాట్సాప్ గ్రూపులో ఏడిపిస్తారు. ఆ టెన్షన్ చాలు.

రమ్మీ మాత్రమే తెలిసినవాళ్ల కోసం ఆట గురించి నాలుగు ముక్కలు. మేం ఆడేది టెక్సస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు, ముందు మూడు ఒకేసారి, దాన్ని ఫ్లాప్ అంటారు, తర్వాత ఒకటి టర్న్, చివరిది రివర్. ఈ ఏడింట్లో మంచి ఐదు ఎవరివైతే వాళ్లది గెలుపు. మూసిన ముక్కలు చూసుకున్నాక ఒకసారి, ఫ్లాప్, టర్న్, రివర్ తర్వాత ఒక్కోసారి, మొత్తం నాలుగు విడతలు పందెం. రమ్మీలో అయితే చేతిలోవి కుదరాలి, లేకపోతే కౌంట్ కట్టాలి. ఇక్కడ చేతిలో ఏమీ లేకపోయినా ఎదుటివాడు భయపడి ముక్కలు పడేస్తే చాలు గెలిచినట్టే, అందుకే ఈ ఆటలో మనిషిని చూడాల్సి వస్తుంది.

అయితే మొదలుపెట్టే ముందే ఒకటి చెప్పాలి. మనిషిని చూసి అబద్ధం కనిపెట్టడంలో మనం అనుకున్నంత మొనగాళ్లం కాదు. బాండ్, డిపౌలో అనే ఇద్దరు సైకాలజిస్టులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పోగేసి 2006లో లెక్క తేలిస్తే, జనం నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా విడదీసేది సగటున 54 శాతం సార్లేనట. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. కాబట్టి ఎవడైనా "నేను కళ్లలోకి చూస్తే చెప్పేస్తా" అంటే వాడి చిప్స్ మీద కన్నేయండి, త్వరలో మీవే.

ఇంకో పరిశోధన మాకు బాగా పనికొచ్చింది. 2013లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో వచ్చింది. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పోటీల వీడియోలు తీసుకొని, కొందరికి ఆటగాళ్ల ముఖాలే కనపడేట్టు, కొందరికి చిప్స్ తోస్తున్న చేతులే కనపడేట్టు కత్తిరించి చూపించి, ఇతని ముక్కలు ఎంత బాగున్నాయో చెప్పమన్నారు. ముఖం చూసినవాళ్లు గుడ్డిగా చెప్పినదానికంటే కూడా అధ్వానంగా చెప్పారు, చేతులు చూసినవాళ్లు అంతకంటే మెరుగ్గా చెప్పారు. చెయ్యి ఎంత సాఫీగా కదిలితే ముక్కలు అంత బాగుంటున్నాయన్నమాట. ఆలోచిస్తే సబబే అనిపిస్తుంది. ముఖాన్ని దాచుకోవాలని అందరికీ తెలుసు, చిన్నప్పటి నుంచి అమ్మ ముందు, టీచర్ ముందు దాచుకోవడం అలవాటే, చేతిని దాచుకోవాలని ఎవరు చెప్పారు మనకి?

ముందు వాడి మామూలు తీరు ఏందో తెలుసుకోండి

కొత్తవాళ్లు చేసే తప్పు ఇక్కడే. ఇంటర్నెట్‌లో ఎక్కడో "కాలు ఊపితే మంచి ముక్కలు" అని చదివి వచ్చి, కాలు ఊపే ప్రతివాడినీ చూసి పారిపోతుంటారు. మా దగ్గర ఒక బ్యాంకు అన్న ఉన్నాడు, ఆయన కాలు ఊపడం పొద్దున లేచినప్పుడు మొదలైతే పడుకునేదాకా ఆగదు. ఆయన కాలు ఊపితే అర్థం ఏమీ లేదు, ఆగితేనే అర్థం. ఒక సైగకి ఫలానా అర్థం అని డిక్షనరీ ఉండదు, వాడు ఎప్పుడూ ఉండేట్టు లేడు అంటేనే అక్కడ ఏదో ఉంది.

అందుకే మొదటి అరగంట నేను పెద్దగా ఆడను. ముక్కలు పడేసి చూస్తూ కూర్చుంటాను. అట్లా పడేసినప్పుడే మనుషుల్ని చదవడం ఎక్కువ సాగుతుంది, ఎందుకంటే మన ముక్కల గురించి ఆలోచన ఉండదు. చాలామంది పడేయగానే ఫోన్ తీస్తారు, అసలు సినిమా మొదలయ్యేది అప్పుడే. ఎవరు నిటారుగా కూర్చుంటున్నారు, ఎవరు చిప్స్‌ని దొంతర పెట్టి ఆడిస్తున్నారు, ఎవరు ఎంత మాట్లాడుతున్నారు, పందెం వేసేటప్పుడు చిప్స్ మెల్లగా పెడుతున్నారా విసురుతున్నారా, ఇవన్నీ ముక్కలు బయటపడ్డప్పుడు, అంటే షో దగ్గర, కలిపి చూసుకోవాలి. "ఇస్పేటు ఆసు చూపించాడు, ఇందాక ఎట్లా కూర్చున్నాడు?" అని వెనక్కి వెళ్లి గుర్తుచేసుకోవాలి. షో దాకా రాని ఆట నుంచి మనం నేర్చుకునేది ఊహే.

రమ్మీలో ఇదంతా మనం ఎవరూ చెప్పకుండానే చేస్తుంటాం. ఎదుటివాడు ఓపెన్ ముక్క తీసుకొని చేతి మధ్యలో దోపాడా, చివర పెట్టాడా, జోకర్ వచ్చినప్పుడు ఏ పక్కకి తోశాడు, కిందికి వేయబోయిన ముక్కని మళ్లీ ఎందుకు లోపలికి తీసుకున్నాడు, ఇవన్నీ మా అమ్మమ్మ చూసేది. ఆవిడకి బాడీ లాంగ్వేజ్ అనే మాట తెలియదు. అదే కన్ను ఇక్కడ పెట్టాలి, అంతే.

ఏనుమాముల మార్కెట్ పాఠం

మా చిన్నాన్నకి వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్ దుకాణం) ఉండేది. సీజన్లో మిర్చి బస్తాలు వరుసగా నిలబెట్టి ఉండేవి, ఘాటుకి తుమ్ములు ఆగేవి కావు. ఖరీదుకొచ్చిన వ్యాపారి బస్తాలో చెయ్యి లోపలికంటా పెట్టి గుప్పెడు తీసి, ఒక కాయ విరిచి చూసి, వాసన చూసి, "తేమ ఉంది, తాలు ఉంది" అని మొహం చిట్లించి పక్క కుప్పకి పోయేవాడు. రైతు పాపం నీరుగారిపోయేవాడు. చిన్నాన్న మాత్రం నవ్వేవాడు. "నచ్చకపోతే మూడు సార్లు వాసన చూస్తడా? నచ్చనోడు బస్తా ముందు ఆగనే ఆగడు" అనేవాడు. ఆ వ్యాపారి అర్ధగంటకి తిరిగి వచ్చేవాడు.

పోకర్లో పాతకాలం నుంచి చెప్పే సూత్రం కూడా ఇదే, బలం ఉన్నవాడు బలహీనంగా నటిస్తాడు, లేనివాడు పులిలా కూర్చుంటాడు. నిట్టూర్చి, భుజాలు ఎగరేసి, "ఏం చేస్తాం, వేస్తున్నా" అని ఏడుపు గొంతుతో చిప్స్ ముందుకి తోశాడంటే ముక్కలు పడేసి నీళ్లు తాగండి. అదే ఒకడు మీ కళ్లలోకి గుచ్చి చూస్తూ, చిప్స్‌ని టేబుల్ మధ్యలోకి చప్పుడయ్యేట్టు కొడితే, మిమ్మల్ని తరిమేయాలని చూస్తున్నాడేమో అని ఒక్క క్షణం ఆలోచించండి. అట్లాగే మీరు పందెం వేయబోతుంటే ముందుగానే తన చిప్స్ మీద చెయ్యి పెట్టేవాడు, "వెయ్ వెయ్, నేను రెడీ" అన్నట్టు, వాడికి మీరు వేయకుండా ఉంటేనే బాగుండని ఉంటుంది. మంచి ముక్కలున్నవాడు మిమ్మల్ని ఎందుకు ఆపుతాడు?

దీనికి ఒక షరతు. ఇది నటించేవాళ్లకి పనిచేస్తుంది, అంటే మనలాంటి ఆదివారం ఆటగాళ్లకి. నాలుగేళ్లు గోవాలో కూర్చుని ఆడినవాడు నటన మానేసి ఉంటాడు, లేదా దాన్ని తిప్పి కొడతాడు.

ఫ్లాప్ పడగానే ఫ్లాప్ చూడకండి

ఇది ఒక్కటి నేర్చుకున్నా చాలు. మధ్యలో మూడు ముక్కలు తెరిచినప్పుడు అందరి కళ్లూ వాటి మీదే ఉంటాయి, మీ కళ్లు మాత్రం మనుషుల మీద ఉండాలి. ఆ మూడు ముక్కలు ఎక్కడికీ పారిపోవు, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు, కానీ ఎదుటివాడి మొదటి చూపు ఒక్క సెకనే ఉంటుంది. ఫ్లాప్ కలిసినవాడు దాన్ని చూసి వెంటనే కళ్లు తిప్పేస్తాడు, చాలాసార్లు ఆ కళ్లు తన చిప్స్ దొంతర మీదకి పోతాయి, ఎంత వేద్దామా అని. కలవనివాడు ఆ ముక్కల్ని అలాగే చూస్తూ కూర్చుంటాడు, చూస్తే మారతాయేమో అన్నట్టు.

రెండోది, ముక్కలు మళ్లీ తీసి చూసుకోవడం. ఫ్లాప్ మీద, టర్న్ మీద ఒకే రంగు, అంటే ఒకే గుర్తు, ఆఠీన్ అనుకుందాం, మూడోది పడగానే ఎవడైనా తన ముక్కల మూల ఎత్తి చూసుకున్నాడంటే, వాడి దగ్గర ఆ రంగు రెండూ లేవు. రెండూ ఆఠీన్లే ఉన్నవాడికి ఆ సంగతి గుర్తుంటుంది, అసలు దాని కోసమే ఎదురుచూస్తుంటాడు. ఒకటి ఎరుపు ఒకటి నలుపు ఉన్నవాడికీ, ఒకటి ఆఠీను ఒకటి డైమను ఉన్నవాడికీ ఏది ఏదో గుర్తుండదు, ఆసు ఉందని తెలుసు, ఆఠీన్ ఆసా కాదా అని చూసుకుంటాడు.

దీని మీద మా బావతో జరిగిన ఒక ఆట చెప్తాను. బావ వక్కపొడి నములుతూ ఆడతాడు, దవడ ఆగదు. నా దగ్గర ఇస్పేటు రాజు, డైమన్ రాణి. ఫ్లాప్ ఆఠీన్ రాజు, ఆఠీన్ తొమ్మిది, కళావరు నాలుగు. నాకు రాజుల జత. పందెం వేశాను, బావ ఒక్కడే కాల్ చేశాడు, అంటే నా పందేనికి సమానంగా వేశాడు. టర్న్ ఆఠీన్ రెండు. బావ రెండు వేళ్లతో ముక్కల మూల ఎత్తి చూసుకొని మళ్లీ పెట్టేశాడు. సరే, ఫ్లష్, అంటే ఒకే గుర్తువి ఐదు, ఇంకా పూర్తి కాలేదు, ఒక ఆఠీన్ మాత్రం ఉంది, అంటే ఇంకో ఆఠీన్ పడాలి వాడికి. వాడి చేతిలో ఒకటి, టేబుల్ మీద మూడు పోగా మిగిలినవి 9, వాడికి కనపడని ముక్కలు 46, అంటే ఐదింట ఒకసారి పడుతుంది. మళ్లీ పందెం వేశాను, మళ్లీ కాల్. రివర్ ఇస్పేటు ఏడు, దేనికీ పనికిరాని ముక్క. నేను చెక్ అన్నాను, అంటే పందెం వేయకుండా వదిలేశాను. బావ రెండు దొంతరలు ఒకేసారి ముందుకి తోశాడు.

నాకు భయమేసింది, వేయదా మరి, ఓడిపోతే నా చిప్స్‌లో సగం పోతాయి. కానీ తోసిన చెయ్యి వెనక్కి రాలేదు, దొంతర పక్కనే టేబుల్ మీద ఉండిపోయింది, వేళ్లు బట్టకి అంటుకున్నట్టు. దవడ ఆగింది. వక్కపొడి బుగ్గలో ఒక పక్కన ఉబ్బెత్తుగా కనపడుతోంది, నమలట్లేదు. ఊపిరి తీస్తున్నాడో లేదో కూడా తెలియట్లేదు. పక్కన ఎవరో జోకేస్తే అందరూ నవ్వారు, బావ పెదాలు మాత్రం నవ్వాయి. నేను కాల్ అన్నాను. ఆఠీన్ ఆసు, డైమన్ జాకీ. ఏమీ లేదు, ఆ ఆఠీన్ ఆసు తన దగ్గరే ఉంది కాబట్టి ఇంకెవరి దగ్గరా పెద్ద ఫ్లష్ ఉండదని దాన్ని పట్టుకొని బెదిరించాడు. మంచి బ్లఫ్ఫే. ఒక్క వక్కపొడి పట్టించేసింది.

గమనించండి, నేను దవడ చూసి మాత్రమే కాల్ చేయలేదు. టర్న్ మీద ముక్క ఎత్తి చూసుకోవడం, రివర్ పనికిరానిది పడటం, అక్కడికే కథ సగం తేలిపోయింది. పందేల క్రమం ఒక కథ చెప్తుంది, ఆ కథ అతుకుతుందా లేదా అని ముందు చూడాలి, అతకనప్పుడు ఒళ్లు ఏం చెప్తుందో చూడాలి. తిరగేస్తే చిప్స్ పోతాయి.

ఎట్లా పోతాయో నేను గోవాలో చూశాను. పణజిలో మాండవి నది మీద ఆగి ఉన్న కాసినో పడవలో, ఎదురుగా ఒక పెద్దాయన రివర్ మీద పెద్ద పందెం వేశాడు, చిప్స్ పెడుతుంటే వేళ్లు వణికి రెండు చిప్స్ దొర్లిపోయాయి. దొరికాడు అనుకున్నాను. టేబుల్ మీద మూడు ఒకే రంగువి, ఒక జత కూడా ఉంది, ఆయన కథంతా బలంగానే ఉంది, అయినా ఆ వణుకు చూసి కాల్ చేశాను. ఫుల్ హౌస్, అంటే ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు. తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, చెయ్యి ఒక్కసారిగా వణకడం మొదలైతే అది ఎక్కువగా మంచి ముక్కలకే. బ్లఫ్ వేసేవాడు ఒళ్లంతా బిగబట్టి పెట్టుకుంటాడు, వణకనివ్వడు. పెద్ద ముక్కలు కలిసినవాడికి బిగువు ఒక్కసారి సడలి ఒంట్లో పొంగినదంతా వేళ్లలోకి వస్తుంది. ముందు నుంచీ వణికే చేతులు వేరు, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

మాటలు, సమయం

బ్లఫ్ వేసినవాడు సాధారణంగా నోరు మూస్తాడు, ఏం మాట్లాడినా దొరికిపోతానేమో అని. నేను ఏదైనా సంబంధం లేని మాట కదుపుతాను, "అన్నా, భద్రకాళి చెరువు కాడ ఇంకా అంత ట్రాఫిక్ ఉందా?" లాంటిది. హాయిగా, పూర్తి వాక్యాల్లో, నవ్వుతూ జవాబు చెప్తే ఆయనకి భయం లేదు. "ఆఁ" అని ఊరుకుంటే నాకు ఆశ. అయితే ఆడేవాడిని మరీ గుచ్చి గుచ్చి అడగొద్దు, స్నేహం చెడుతుంది, కాసినోల్లో ముక్కలు పంచే డీలర్ కూడా ఒప్పుకోడు.

సమయం గురించి ఎక్కువ చెప్పను. చటుక్కున కాల్ చేసినవాడి దగ్గర మధ్యరకం ముక్కలో, ఫ్లష్ కోసమో స్ట్రెయిట్ (వరుసగా ఐదు) కోసమో ఎదురుచూసే ముక్కలో ఉంటాయి, ఎందుకంటే రేజ్ చేయాలా, అంటే పందెం పెంచాలా అనే ఆలోచనే రాలేదు. చాలాసేపు తల పట్టుకొని ఆలోచించి రేజ్ చేస్తే జాగ్రత్త, చిన్నాన్న మార్కెట్ గుర్తుచేసుకోండి. ఫోన్ వచ్చి ఆలస్యమైతే దానికి అర్థం లేదు, ఇదీ చెప్పాలా అంటే చెప్పాలి, నేను ఒకసారి అట్లా మోసపోయాను.

ఎడమవైపు చూడటం మర్చిపోవద్దు. పోకర్లో వంతు ఎడమకి తిరుగుతుంది, మీ తర్వాత ఆడేవాళ్లు ఎడమనే ఉంటారు. మీ వంతు రాగానే ముక్కలు చూసుకొని వెంటనే పందెం వేయకుండా ఒక్క క్షణం అటు చూడండి. కొత్త ఆటగాళ్లు పడేయాలని నిర్ణయించుకోగానే ముక్కలు వేళ్ల మధ్య పట్టుకొని రెడీగా ఉంటారు, ఎప్పుడు విసిరేద్దామా అని. ఎడమన ఇద్దరూ అట్లా ఉంటే మామూలు ముక్కలతోనే ధైర్యంగా రేజ్ చేయొచ్చు. పక్కవాడు చిప్స్ సర్దుకుంటూ ముక్కల మీద ఏదో ఒక కాయిన్ పెట్టి కాపలా కాస్తుంటే పడేయండి. సుఖం.

ఇక మీ సంగతి

ఎదుటివాళ్లు కూడా మిమ్మల్ని చదువుతుంటారు. దీనికి మార్గం రాతి ముఖం కాదు, ఒకే పద్ధతి. ముక్కలు ఒక్కసారే చూసుకోండి, రంగులతో సహా గుర్తుపెట్టుకోండి, ఇక ఎత్తొద్దు. మంచివైనా చెత్తవైనా అదే చోట పెట్టండి. పందెం వేసే ముందు ప్రతిసారీ మనసులో ఐదు లెక్కపెట్టి, ఒకే చేత్తో, ఒకే వేగంతో తోయండి, తోశాక చెయ్యి ఒకే చోటికి వెనక్కి తెచ్చుకోండి. తర్వాత టేబుల్ మధ్యలో ఏదో ఒక ముక్క మీద కన్ను నిలిపి కూర్చోండి. నల్ల కళ్లద్దాలు పెట్టుకొని వచ్చేవాళ్లని చూసి మా టేబుల్ నవ్వుతుంది, కానీ చూపు దారి తప్పకుండా ఉండటానికి అవి పనికొస్తాయని ఒప్పుకుంటాను. రాత్రి పదకొండింటికి మేడ గదిలో పెట్టుకుంటే మాత్రం ముక్కలు కనపడవు.

మన అలవాట్లు మనకి తెలియవు కాబట్టి, ఒకసారి ఆటంతా ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. మేం తీశాం, అందరూ ఒప్పుకున్నాకే. బ్యాంకు అన్న కాలు సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. నేను బ్లఫ్ వేసిన ప్రతిసారీ చాయ్ గ్లాసు అందుకుంటున్నాను, గ్లాసు ఖాళీ అయినా సరే. మూడు గంటల వీడియోలో ఖాళీ గ్లాసు ఆరు సార్లు ఎత్తి తాగాను. ఆ వీడియో గ్రూపులో పెట్టినవాడు ఎవరో చెప్పను గానీ, పోయిన ఆదివారం నా పక్కన గ్లాసు లేదు, నేను అడిగినా పోయలేదు, ఆ కొత్త తమ్ముడు మాత్రం కెటిల్ తన దగ్గర పెట్టుకొని, నేను పెద్ద పందెం వేసినప్పుడల్లా "చాయ్ కావాల్నా అన్నా?" అని అడుగుతున్నాడు.